చదివిస్తామన్నారు సరే, గంటలెన్ని?

మావైపు పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పులు కింద పెట్టాక ఖాయంగా వినిపించే మాట ఒకటుంది. "చదువుదేముందండీ, పెళ్ళయ్యాక కూడా చదువుకోవచ్చు. మేం చదివిస్తాం." ఆ మాటతో అమ్మాయి తండ్రి మొహం వెలిగిపోతుంది. తల్లి లోపలికెళ్ళి ఇంకో ప్లేటు మైసూర్‌పాక్ తెస్తుంది. అమ్మాయేమో డిగ్రీ రెండో ఏడో, బీటెక్ మూడో ఏడో చదువుతుంటుంది. అంతే, అక్కడితో ఆ టాపిక్ క్లోజ్.

ఈ మాట అబద్ధమని నేననను. చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు. నా గొడవల్లా వేరే. మన ప్రాజెక్టుల్లో ఎవరైనా "ఆ మాడ్యూల్ చేసేద్దాం లెండి" అంటే వెంటనే ఏం అడుగుతాం? ఎవరు చేస్తారు, ఎన్ని గంటలు పడుతుంది, ఎప్పటికి అవుతుంది అని. ఆ మూడిట్లో ఒక్కదానికీ జవాబు లేకపోతే దాన్ని ప్లాన్ అనం, కోరిక అంటాం. వారానికోసారి వాడిపోయే స్టేటస్ రిపోర్టుకే ఇన్ని ప్రశ్నలేసే మనం, ఇరవయ్యేళ్ళ అమ్మాయి డిగ్రీ దగ్గరికొచ్చేసరికి "చదివిస్తాం" అన్న ఒక్క ముక్కకి తలూపేసి భోజనాలకి లేచిపోతాం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పెళ్ళయిన అమ్మాయికి చదువుకోవడానికి కావలసింది పర్మిషన్ కాదు, గంటలు. మన డెల్టాలో ఆ గంటలు ఎక్కడికి పోతాయో తెలుసుకోవాలంటే పిండివంటల్ని చూస్తే చాలు. అరిసెలకీ బీఏ డిగ్రీకీ సంబంధమేంటి అంటారా? ఉంది, చెప్తాను.

ముందు చట్టం సంగతి. శారదా చట్టం 1929 నాటిది. ఆడపిల్ల కనీస వయసుని 18కి పెంచింది 1978లో. ఇప్పుడున్న బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది. ఇన్ని చట్టాలున్నా, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29 శాతం పైచిలుకు మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది. దేశం మొత్తమ్మీద ఆ లెక్క 23 శాతం. చదువులో ముందున్నామని చెప్పుకునే రాష్ట్రం దేశం సగటు కంటే వెనకుంది. అమ్మాయిల వయసుని 21కి పెంచుతామని 2021 డిసెంబర్లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2024లో ఆ సభ రద్దవడంతో అదీ పోయింది.

కానీ మన ఐటీ వాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా కనపడే కేసు అది కాదు. పంతొమ్మిదీ ఇరవై దాటిన పిల్ల, కాలేజీ మధ్యలో ఉంటుంది, మంచి సంబంధం వస్తుంది. చట్టానికి ఇక్కడ పనే లేదు. విజయవాడలో కాలేజీలకీ కరువు లేదు. మారిస్ స్టెల్లా 1962 నుంచి ఉంది, దాని తరవాత ఎన్నొచ్చాయో లెక్కే లేదు. సీటుంది, ఫీజు కట్టే స్తోమతుంది, "మాకేం అభ్యంతరం లేదు" అనే అత్తగారూ ఉంది. మరి చదువు ఎక్కడ ఆగుతుంది?

క్యాలెండర్ దగ్గర ఆగుతుంది. మన ముహూర్తాలు మాఘం, ఫాల్గుణం, వైశాఖం. పాత పద్ధతిలో ఇంటర్, డిగ్రీ పరీక్షలు మార్చి, ఏప్రిల్. అంటే పెళ్ళీ పరీక్షా రెండూ ఒకే సీజను పంటలన్నమాట. పెళ్ళంటే ఒక్కరోజు కాదు కదా. పసుపు కొట్టడం, పెళ్ళి, వ్రతం, మనుగుడుపులు, పదహార్రోజుల పండగ, ఆ తరవాత చుట్టాలిళ్ళల్లో భోజనాలు. ఇప్పటి సెమిస్టర్ లెక్కలో చూసినా అంతే. 75 శాతం హాజరుండాలి. మెడికల్ కారణం చూపిస్తే 65 దాకా మన్నిస్తారు, అదీ తగ్గితే డిటైన్. సెమిస్టరుకి సుమారు తొంభై పనిరోజులనుకుంటే, చేతిలో ఉండే లీవు ఇరవై రెండు రోజులు. ఒక్క పెళ్ళి హంగామాకే అందులో ముప్పాతిక వంతు హారతి. తరవాత జొరమొస్తే గతేంటి?

ఇక మా పిన్ని సంగతి. ఈ లెక్కలన్నీ నాకు అలవాటు చేసింది ఆవిడే.

మా అమ్మకి చెల్లెలు. పామర్రు దగ్గర పల్లెటూరు. 1986 మాఘమాసంలో పెళ్ళయింది, అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం. పదిహేడేళ్ళు. చట్టం అప్పటికే పద్దెనిమిదంటోంది, కానీ ఊళ్ళో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంకో నెలలో పరీక్షలు. "పరీక్షలు రాయిస్తాంలే" అన్నారు అత్తవారు. పిన్ని హాల్ టికెట్ కూడా తెచ్చుకుంది. అయితే సరిగ్గా ఆ వారంలోనే మినుములు ఇంటికొచ్చాయి.

ఇది తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కృష్ణా డెల్టా మాగాణిలో వరి కోతకి ముందే చేలో మినుము చల్లుతారు. వరి కోసేశాక నేలలో మిగిలిన తేమతోనే అది పండుతుంది, నీళ్ళు పెట్టక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చి నాటికి నూర్పిడి. కొత్త మినుములు వచ్చాయంటే ఎండబెట్టాలి, చెరగాలి, తిరగలి పట్టాలి. ఇంట్లో పదకొండు మంది. కొత్త కోడలు. పిన్నిని పరీక్ష రాయొద్దని ఎవ్వరూ అనలేదు, నిజంగా ఎవ్వరూ అనలేదు. తెల్లారి బస్సెక్కాలంటే ముందు రోజు రాత్రి పుస్తకం తీసే టైము ఉండాలి కదా, అది లేదంతే. రెండు పేపర్లు రాసి మూడోదానికి వెళ్ళలేదు.

వాళ్ళత్తగారు చెడ్డావిడేం కాదు. ఇప్పటికీ పిన్ని ఆవిణ్ణి పల్లెత్తు మాటనదు. "ఆవిడ చదువుకోలేదు గదరా, చదువుకి టైం పడుతుందని ఆవిడకెలా తెలుస్తుంది? పూజలాగా, ఓ అరగంట కూచుంటే అయిపోద్దనుకుంది" అంటుంది. నాకు ఇది చాలా గొప్ప మాటలా అనిపిస్తుంది. మన మేనేజర్లలో సగం మందికి ఇదే జబ్బు.

హైదరాబాదులో 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. అప్పట్లో ఇంటర్ పాసవ్వనివాళ్ళు కూడా ఒక అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలుండేది. పుస్తకాలు తెలుగులో ఇంటికొచ్చేవి. క్లాసులు ఆదివారాల్లో, స్టడీ సెంటర్లో. ఈ కబురు పిన్నికి రేడియోలో తెలిసింది. 1989లో పరీక్ష రాసి బీఏలో చేరింది. అప్పటికి చంకలో ఏడాదిన్నర పిల్లాడు.

నేను వేసవి సెలవులకి ఉయ్యూరు దగ్గర వాళ్ళూరు వెళ్ళేవాణ్ణి. నాకు బాగా గుర్తున్నది ఆవిడ లాంగ్ నోట్‌బుక్. ముందు నుంచి హిస్టరీ, ఎకనామిక్స్ నోట్సు. తిరగేసి వెనక నుంచి చూస్తే వంటలు. ప్రతి వంట పక్కన మార్జిన్లో ఒక అక్షరం, ఒక అంకె. కొన్నిటికి "ని", కొన్నిటికి "వ". ఏదో మంత్రమనుకునేవాణ్ణి. పెద్దయ్యాక అడిగితే చెప్పింది. "ని" అంటే నిలబడి చెయ్యాల్సినవి. "వ" అంటే పొయ్యి మీద పెట్టి వదిలెయ్యగలిగినవి. అంకె నిమిషాలు. ఆవిడ వంటల్ని రుచిని బట్టి కాదు, ఎంతసేపు చదువుకోనిస్తాయో దాన్నిబట్టి రాసుకుంది.

మన భాషలో చెప్పాలంటే బ్లాకింగ్ కాల్స్ కొన్ని, బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు కొన్ని. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు నాలుగుసార్లు చదివినా సరిగ్గా ఎక్కని ఈ సంగతి ఆ మార్జిన్ చూడగానే ఎక్కింది.

అరిసెలు తీసుకోండి. అదంతా "ని". బియ్యం ఒక రోజంతా నానాలి. వడకట్టి, గుడ్డ మీద ఆరబెట్టి, తడి పోకుండానే దంచాలి, జల్లించాలి, మళ్ళీ దంచాలి. పిండి ఆరిపోతే అరిసె విరిగిపోతుంది కాబట్టి మధ్యలో లేవడానికి లేదు. తరవాత బెల్లం పాకం. నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండకట్టాలి. ఒక్క నిమిషం దాటిందా, అరిసెలు రాళ్ళే. పిండి పోస్తుంటే ఒకరు, కలుపుతూ ఇంకొకరు. ఇక వేయించేటప్పుడు ఒకరు ఒత్తి నూనెలో వెయ్యాలి, ఇంకొకరు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నూనె పిండాలి. మూడు కిలోల బియ్యానికి కనీసం ఆరు గంటల నిలువు కాళ్ళ జపం. అదీ ఇద్దరికి. అంటే పన్నెండు గంటలు. పెద్దపండక్కి ఇంట్లో అరిసెలొక్కటే చెయ్యరు కదా! జంతికలు, కజ్జికాయలు, సున్నుండలు, చుట్టాలకి పంచడానికి మళ్ళీ ఓ వాయి. వారం రోజులు గోవిందా.

బందరు లడ్డు సంగతి ఇంకా ఘోరం. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు అది. శనగపిండిని కారప్పూసలా వత్తి వేయించి, దాన్ని దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచాలి. తొక్కుడు లడ్డు అనే పేరు ఊరికే రాలేదు. కాకపోతే గమనించారో లేదో, బందరు మిఠాయి దుకాణాల్లో ఆ రోకలి పట్టేది మగవాళ్ళే. జీతానికైతే మగపని, పండక్కైతే ఆడపనీనూ!

ఇక "వ" జాబితా. అందులో మొదటిది దిబ్బరొట్టె. మన డెల్టా వాళ్ళకి ఓవెన్లు రాకముందే బేకింగ్ వచ్చని నేను వాదించేది దీన్ని చూపించే. గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కడిగి పిండి అందులో కలిపి, ఉప్పేసి, దళసరి మూకుట్లో నూనె వేసి అంగుళంన్నర మందాన పోసి మూత పెట్టెయ్యడమే. సన్నసెగ మీద ఇరవై అయిదు నిమిషాలు. పాతరోజుల్లో మూత మీద కూడా నిప్పులు పోసేవారు, పైనా కిందా వేడి. ఓవెన్ చేసేదీ అంతే. అడుగు ఎర్రగా కరకర్లాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. దాన్ని చెరుకు పానకంలో ముంచుకు తింటే అంతకుమించిన స్వీటు నాకు తెలీదు. ఉయ్యూరు వైపు చెరుకుకి కొదవా? పిన్ని మార్జిన్లో దాని పక్కన "వ 25" అనుంటుంది. అంటే ఇరవై అయిదు నిమిషాలు మొఘలుల పతనం.

రెండోది కేకు. వీధి చివర టీచరుగారొకావిడ క్రిస్మస్‌కి కుక్కర్లో కేకు చేసేవారు. పిన్ని ఆవిడ దగ్గర నేర్చుకుంది. అత్తగారింట్లో వంటింట్లోకి గుడ్డు రాకూడదు కాబట్టి గుడ్డు తీసేసి పెరుగు పెట్టింది. మైదా తీసేసి రవ్వ పెట్టింది. పంచదార తీసేసి బెల్లం పెట్టింది. చివరికి మిగిలిందేంటంటే: గ్లాసు బొంబాయి రవ్వ, గ్లాసు పెరుగు, ముప్పావు గ్లాసు బెల్లం తురుము పావు గ్లాసు గోరువెచ్చటి పాలలో కరిగించి వడకట్టింది, పావు గ్లాసు నెయ్యి, యాలకుల పొడి, కాస్త కొబ్బరి కోరు. కలిపి అరగంట వదిలెయ్యాలి, రవ్వ ఉబ్బుతుంది. చివర్లో అర చెంచా వంటసోడా. నెయ్యి రాసిన గిన్నెలో పోసి, అడుగున రెండు గ్లాసుల ఎండిన ఇసుక పోసి వేడిచేసిన కుక్కర్లో చిన్న స్టాండు మీద పెట్టాలి. రబ్బరూ వెయిటూ రెండూ తీసెయ్యాలి, అది మర్చిపోకండి. సన్నసెగ మీద నలభై అయిదు నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. ఇప్పుడు మా ఇంట్లో ఓవెన్లో 180 డిగ్రీల దగ్గర ముప్పై అయిదు నిమిషాలకే అయిపోతుంది.

వాళ్ళత్తగారు దాన్ని "ఇసుక రొట్టె" అనేది. ఇష్టంగానే తినేది. మూత తీస్తే కేకు కూచుండిపోతుందని టీచరుగారు చెప్పారట. అందుకని పొయ్యి మీద కేకున్నంతసేపూ వంటింట్లోకి ఎవరూ రాకూడదని పిన్ని ఒక రూలు పెట్టింది. అరగంట నాననివ్వడం, నలభై అయిదు నిమిషాలు ఉడకనివ్వడం. వెరసి గంటంబావు. ఇంట్లో ఆదివారం తప్ప ప్రతి శుక్రవారం కేకు కావాలని పిల్లలందరూ ఎందుకు అల్లరి చేసేవారంటే, ఆవిడే నేర్పించింది కాబట్టి (నాతో సహా, నాకు రెండు ముక్కలు ఎక్స్‌ట్రా).

మూడో ఏర్పాటు ఆషాఢం. కొత్తగా పెళ్ళయిన ఏడు అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని కోడల్ని పుట్టింటికి పంపడం మన ఆచారం. మొదటి ఏడుకే ఆ రూలు. పిన్ని మాత్రం మా అమ్మమ్మకి ఒంట్లో బాలేదనో, పిల్లాడికి వేడి చేసిందనో చెప్పి మూడేళ్ళూ ఆషాఢంలో పుట్టింటికొచ్చింది. అమ్మమ్మ ఆవిణ్ణి వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. "ఆషాఢం నా స్టడీ హాలిడేస్" అంటుంది పిన్ని. 1993లో బీఏ పాసయింది. తరవాత ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో పదహారేళ్ళు సోషల్ చెప్పింది.

ఈ కథ విని "చూశారా, పట్టుదలుంటే ఏదైనా సాధ్యమే" అంటారు కొందరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. పట్టుదలకి పూలదండ వేసేస్తే మిగతావాళ్ళ బాధ్యత తీరిపోతుంది మరి. పిన్ని నాలుగేళ్ళ పాటు కేకు చాటున, రొట్టె చాటున, అమ్మమ్మ జొరం చాటున చదివింది. సొంతింట్లో దొంగలా చదవాల్సొచ్చింది. ఆ ఇంట్లో పదకొండు మందిలో ఇంకొక్కరు రోజుకో గంట తిరగలి తిప్పుంటే 1986లోనే ఇంటర్ పాసయ్యేది.

మన దగ్గర ఈ సంగతి అందరికంటే ముందు పట్టుకున్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనుకుంటాను. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి వద్దనుకుని బయటికొచ్చేశారు. జైళ్ళకెళ్ళొచ్చాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యి, ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ ఆనర్స్, మద్రాసులో లా చేశారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఆడపిల్లలకి హాస్టల్ లేదంటే తనలాంటి అమ్మాయిల్ని కూడగట్టి హాస్టల్ నడిపించారు. నాకు ఆసక్తిగా అనిపించేది ఆవిడ తరవాత చేసిన పని. మద్రాసులో బెనారస్ మెట్రిక్‌కి ఆడవాళ్ళకి క్లాసులు చెప్పడంతో మొదలుపెట్టి 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు మధ్యలో ఆగినవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, వీళ్ళే అక్కడి విద్యార్థులు. ఆవిడ మొదటి అధ్యక్షురాలిగా 1953లో వచ్చిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1958లో "కండెన్స్‌డ్ కోర్సులు" మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి స్కూల్లో చదివేదాన్ని పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళకి రెండు మూడేళ్ళలో కుదించి చెప్పి పరీక్షకి కూచోబెట్టడం. అంటే "నీ జీవితాన్ని కాలేజీ టైంటేబుల్‌కి సర్దుకో" అనలేదు. కాలేజీయే ఆవిడ టైముకి సర్దుకుంది. ఓపెన్ యూనివర్సిటీ ఆదివారం క్లాసులదీ అదే దారి. 2021 డిసెంబర్లో యూజీసీ యూనివర్సిటీలకి ఒక ఉత్తరం రాసింది, డిగ్రీ, పీజీ చదివే అమ్మాయిలకి కూడా ప్రసూతి సెలవులు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు పెట్టుకోండని. పెళ్ళయిన అమ్మాయి కూడా స్టూడెంటేనని రూలు పుస్తకం ఒప్పుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

సంస్థలు మారడం మన చేతుల్లో లేదు. ఇల్లు మన చేతుల్లో ఉంది కదా?

2024 కార్తీకంలో మా మేనకోడలికి సంబంధం వచ్చింది. విజయవాడలోనే బీటెక్ మూడో సంవత్సరం, ఇరవై ఏళ్ళు. అబ్బాయి టెక్సాస్‌లో హెచ్1బీ మీద ఉన్నాడు. గుడివాడ వైపు వాళ్ళు, మంచివాళ్ళు. మాఘంలో ముహూర్తం పెట్టుకుందాం అన్నారు. అంటే సరిగ్గా 3-2 సెమిస్టర్ మధ్యలో. ఆ తరవాత ఖాయంగా రావాల్సిన డైలాగ్ వచ్చింది. "చదువుదేముందండీ, మేం చదివిస్తాం."

మా అక్కా బావా నవ్వుతూ తలూపారు. పక్క గదిలోంచి పిన్ని వచ్చి కూచుంది. చాలా మర్యాదగానే అడిగింది. "సంతోషం వదినగారూ. ఏ గంటల్లో చదువుతుందో కూడా అనుకుందామా?"

హాల్లో ఫ్యాన్ చప్పుడొక్కటే. నేను ల్యాప్‌టాప్ తీస్తే బాగుండదని మా అక్క కూతురి నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపాను. సెమిస్టరుకి తొంభై రోజులు, మిగిలే లీవు ఇరవై రెండు, పెళ్ళికి పదహారు, పండగలకి అత్తవారింటికి ఎన్ని, వ్రతాలకి ఎన్ని, వీసా పనులకి హైదరాబాద్ ఎన్నిసార్లు. కూడితే ముప్పై నాలుగు తేలింది. పన్నెండు రోజులు మైనస్.

పెళ్ళికొడుకు తండ్రికి నచ్చలేదు. "ప్రతిదానికీ లెక్కలేంటండీ, మనుషుల మధ్య నమ్మకం ఉండాలి గానీ" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. పెళ్ళి మాటల్లో కాగితం కనపడితే కట్నం కాగితంలా అనిపిస్తుంది మరి. కానీ పెళ్ళికొడుకు తల్లిగారు ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. తను కూడా బీకామ్ రెండో సంవత్సరంలో ఆపేశానని చెప్పారు. "నన్నూ ఎవరూ వద్దనలేదండీ" అన్నారు. అంతకుమించి ఏం మాట్లాడలేదు.

వాళ్ళు కబురు చెయ్యడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మా అక్క నాతో సరిగా మాట్లాడలేదు. "మంచి సంబంధం, నువ్వూ పిన్నీ కలిసి చెడగొట్టారు" అంది. సంబంధం పోయుంటే ఆ మాట జన్మంతా పడేవాళ్ళం. పోలేదు. ముహూర్తం 2025 మేకి మారింది, సెమిస్టర్ పరీక్షలయ్యాక. నాలుగో ఏడు మొత్తం అమ్మాయి విజయవాడలోనే ఉండి చదువుతుంది. పనిరోజుల్లో ఫంక్షన్లకి రానక్కర్లేదు, వచ్చే రెండు మూడు ఏవో ముందే చెప్తారు. డిగ్రీ చేతికొచ్చాకే హెచ్4కి అప్లై చేస్తారు.

నన్నడిగితే డిగ్రీ అయ్యాకే పెళ్ళి చెయ్యాలి. అది ఎవరూ ఒప్పుకోలేదు. అమ్మాయి కూడా "అబ్బాయి నాకు నచ్చాడు మామయ్యా, ఈ ఒప్పందం చాలు" అంది. తన జీవితం, తన మాట. 4-1 సెమిస్టర్ అయిపోయింది. హాజరు 79 శాతం, బ్యాక్‌లాగులు లేవు.

హెచ్4 సంగతి ఎందుకెత్తానంటే, మన ఐటీ ఇళ్ళల్లో ఇది మామూలైపోయింది కాబట్టి. హెచ్4 మీద చదువుకోవచ్చు. ఉద్యోగం మాత్రం అందరికీ కుదరదు. 2015లో మొదలైన రూలు ప్రకారం భర్త గ్రీన్‌కార్డ్ దారిలో కొంత దూరం వెళ్ళాకే వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చెయ్యనిస్తారు. డిగ్రీ మధ్యలో ఆపి వెళ్ళిన అమ్మాయి అక్కడ మళ్ళీ మొదటి నుంచి చదవాలంటే ఫీజు డాలర్లలో ఉంటుంది. "అక్కడ చదివిస్తాంలే" అన్నవాళ్ళని కనీసం ఆ ఫీజెంతో చూశారా అని అడగండి.

ఇదంతా విని పిండివంటలు మానెయ్యమంటున్నాడేమో అనుకునేరు. అస్సలు కాదు. అరిసె లేని సంక్రాంతి నాకొద్దు. నా బాధల్లా ఆ పన్నెండు గంటలు ఎవరి ఖాతాలో రాస్తున్నామన్నదే. మా ఇంట్లో పిండి జల్లించడం, గరిటెల మధ్య నూనె పిండడం నా పని. మొదటి ఏడు చెయ్యి కాల్చుకున్నాను, మూడో ఏటికి బాగానే వచ్చింది. సున్నుండలైతే మొత్తం నేనే. మినప్పప్పు సన్నసెగ మీద ఎర్రగా వేయించి, మర పట్టించి, బెల్లం, నెయ్యి కలిపి ఉండలు చుట్టడమే, పాకంతో పన్లేదు. కోడింగ్ వచ్చినవాడికి సున్నుండ రాకపోవడమేంటండీ! చేతకాకపోతే బందరు నుంచి తెప్పించుకోండి, అక్కడ దంచేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి. అంతేగానీ సెమిస్టర్ పరీక్షలున్న పిల్లని రోటి దగ్గర కూచోబెట్టి "చదువుకోమనే చెప్పాం, తనే చదవలేదు" అనకండి.

పిన్నికి ఇప్పుడు యాభయ్యారు. మోకాళ్ళ నొప్పులు. ఆ లాంగ్ నోట్‌బుక్ మా మేనకోడలికిచ్చింది. వంటల కోసం అనుకున్నాను. అది మొదట తిరగేసింది మాత్రం మార్జిన్లు. "చిన్నమ్మమ్మా, ఇప్పుడు ఓవెన్ టైమర్ పెట్టుకోవచ్చు, ఈ 'వ'లన్నీ పెరుగుతాయి" అంది. పిన్ని ఒప్పుకోలేదు. "టైమర్ మోగితే ఎవరు లేస్తారో అది చూసుకో ముందు" అంది.

ఈసారి మీ ఇంట్లో పెళ్ళిచూపులకి ఎవరైనా వచ్చి "చదివిస్తాం" అంటే, సంతోషమని చెప్పి, ఒక కాగితం ముందు పెట్టండి. అబ్బాయి తరఫున వెళ్ళినవాళ్ళు మీరైతే, వాళ్ళు అడక్కముందే ఆ కాగితం మీరే తియ్యండి. రోజుకెన్ని గంటలు, ఆ గంటల్లో పొయ్యి దగ్గర ఎవరు? ఈ రెండు గళ్ళూ నింపితే చాలు. నింపడానికి ఇబ్బందిపడ్డారంటే, అదీ ఒక జవాబే కదా.